హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎన్ని గంటలు?



హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం? భూమి మీద అతి దగ్గర దారి గీసి కొలిస్తే సుమారు 13,500 కిలోమీటర్లు. ఈ అంకె మారదు. మరి ఎన్ని గంటల ప్రయాణం? దీనికి జవాబు చెప్పేముందు మనమే తిరిగి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ నెలలో వెళ్తున్నారు? ఏ ఊరి మీదుగా వెళ్తున్నారు? ఏ దేశపు విమానం ఎక్కుతున్నారు? ఈ రోజుల్లో ఏ రెండు దేశాల మధ్య మాటల్లేవు?

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల శాన్‌హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ లాంటి ఊళ్లలో మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. కూతురి పురుడుకనో, మనవడి బారసాలకనో, కొడుకు గృహప్రవేశానికనో ఇక్కడి తల్లిదండ్రులు బయల్దేరుతుంటారు. వాళ్లలో ఎంతోమందికి జీవితంలో మొట్టమొదటి విమానయానమే లోకంలోని అతి పొడవైన ప్రయాణాల్లో ఒకటి అవుతుంది. ఎంతసేపు కూర్చోవాలని ఆరా తీస్తే ఒకరు పదహారు గంటలంటారు, ఇంకొకరు ఇరవై మూడంటారు, మరొకరు రెండు రోజులంటారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. అదెలాగో ఇవాళ వివరంగా మాట్లాడుకుందాం. బోర్డింగ్ పాస్ చేత్తో పట్టుకుని బెదురుచూపులు చూస్తూ నిలబడ్డ పెద్దవాళ్లు మనకు ప్రతి విమానాశ్రయంలోనూ కనిపిస్తారు. తాము ఏ దారిన వెళ్తున్నారో, అంతసేపు ఎందుకు పడుతుందో తెలిస్తే ఆ బెదురు సగానికి సగం తగ్గుతుందని నా నమ్మకం.

ముందు దారి సంగతి చూద్దాం. బడిలో గోడకు వేలాడే ప్రపంచపటంలో అమెరికా ఎడమ చివర ఉంటుంది, మనం కుడివైపు ఉంటాం. చిన్నప్పటి నుంచీ అదే చూశాం కాబట్టి, అమెరికా అంటే పడమరగా వెళ్లి యూరప్, అట్లాంటిక్ మహాసముద్రం దాటాలని మనసులో నాటుకుపోయింది. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిచినప్పుడు ఏదో ఒకటి సాగక తప్పదు. 1569లో గెరార్డస్ మెర్కేటర్ ఓడలు నడిపేవాళ్ల కోసం ఒక పటం గీశాడు. దిక్సూచి చూసుకుని దిక్కు తప్పకుండా సాగిపోయే నావికుడికి అది వరం. కానీ అందులో ధ్రువాలకు దగ్గరయ్యేకొద్దీ నేల బాగా సాగిపోతుంది. ఆఫ్రికాలో పద్నాలుగో వంతు ఉండే గ్రీన్‌లాండ్ ఆ పటంలో ఆఫ్రికా అంత కనిపిస్తుంది. అలాంటి పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత విమానానికి దగ్గర దారి కాదు.

మీ ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం ముక్క తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమరకూ పోదు, తూర్పుకూ పోదు. కాస్త ఈశాన్యంగా ఒరిగి ఉత్తరానికి ఎక్కుతుంది. నేపాల్, టిబెట్, చైనాలోని షిన్‌జియాంగ్, మంగోలియా పడమటి కొస, ఆ పైన సైబీరియా. అక్కణ్నుంచి ఆర్కిటిక్ తీరం దాకా పోయి, అలాస్కా మీదుగా కిందికి దిగి, అమెరికా పడమటి తీరం వెంబడి శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతుంది. అట్లాంటిక్‌ను అసలు తాకదు. మంచుతప్ప మరోటి లేని సముద్రం మీదుగా పోయేదే మనకు అమెరికా దగ్గర దారి.

ఆ దారాన్ని ఇంకాసేపు అలాగే పట్టుకోండి. ఢిల్లీ దానికి ఎంత దగ్గరలో ఉందో చూడండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశంలో సుమారు 1,260 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 12,370. రెండూ కలిపితే దాదాపు 13,630. అంటే ఢిల్లీలో దిగి మారినందువల్ల అదనంగా పడే దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అదే దుబాయ్ మీదుగా వెళ్తే? హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 2,550, అక్కణ్నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 13,040. మొత్తం 15,600కు చేరువ. దుబాయ్, శాన్‌ఫ్రాన్సిస్కో భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. అందువల్ల వాటి మధ్య దగ్గర దారి ఉత్తర ధ్రువానికి బాగా చేరువగా పోతుంది. ముందు పడమరకు నాలుగు గంటలు వెళ్లి, తర్వాత నిట్టనిలువునా ఉత్తరానికి ఎక్కి దిగడమన్నమాట. రెండు వేల కిలోమీటర్లు ఎక్కువైనా చాలామంది ఆ దారే ఎంచుకుంటారు. విమానం దొరికే వేళ, టికెట్టు ధర, సామాను ఎంత అనుమతిస్తారన్నది చూసుకుంటే అందులో తప్పేమీ లేదు.

హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరు విమానం లేదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. తెలుగు నేల నుంచి అమెరికాకు అలా ఎగరడం అదే మొదలు. ఎక్కువ కాలం నిలవలేదు. ఇంతమంది తెలుగువాళ్లు రాకపోకలు సాగించే దారిలో అలాంటి సర్వీసు లేకపోవడం నాకు పెద్ద లోటుగానే తోస్తుంది. వీల్‌చైర్‌లో ప్రయాణించే ముసలివాళ్లకు మధ్యలో విమానం మారడమే అన్నిటికంటే కష్టం.

సరే, దారం దారి తెలిసింది. విమానం దాని వెంటే పోతుందా? పోదు. మొదటి అడ్డంకి టిబెట్. అక్కడి పీఠభూమి సగటు ఎత్తు నాలుగున్నర వేల మీటర్ల పైమాటే. విమానం పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది కదా, కింద కొండలుంటే ఏమిటంటారా? విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోయిందనుకోండి, పైనుంచి ఆక్సిజన్ మాస్కులు జారుతాయి. మామూలుగా ఆ ఆక్సిజన్ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలే వస్తుంది. ఆ లోపు పైలట్ విమానాన్ని పదివేల అడుగులకు, అంటే మూడు వేల మీటర్లకు దించేయాలి. అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి పీల్చుకోవచ్చు. టిబెట్ మీద మూడు వేల మీటర్ల ఎత్తున గాలి ఎక్కడుంది? అక్కడ ఉండేది రాయే. అందుకే విమానాలు ఆ పీఠభూమిని తప్పించి పడమటి పక్కగానో తూర్పు పక్కగానో చుట్టి వెళ్తాయి. ప్రాణభద్రత కోసం పెరిగిన ఈ దూరాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు.

ఇక గాలి దగ్గరికి వద్దాం. ఈ కథలో అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది అదే.

ఎయిరిండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరు విమానం మొదలుపెట్టింది. మొదట్లో అది పడమరగా, అట్లాంటిక్ మీదుగా పోయేది. దూరం సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. కానీ విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది. పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందు! లెక్క కట్టి చూడండి. పద్నాలుగున్నర గంటల్లో 15,300 కిలోమీటర్లంటే గంటకు వెయ్యికి పైగా. అలాంటి పెద్ద విమానం మామూలు వేగం తొమ్మిది వందలకు అటూ ఇటూ. ఆ మిగతా వేగం ఇంజను ఇచ్చింది కాదు, గాలి ఇచ్చింది.

పాపికొండలకు లాంచీలో వెళ్లినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పోయేటప్పుడు గోదావరికి ఎదురు. వచ్చేటప్పుడు వాలుకు రావడం కాబట్టి అదే లాంచీ, అదే ఇంజను, అదే దూరం ఉన్నా ముందే ఒడ్డుకు చేరుతుంది. ఆకాశంలోనూ అలాంటి నదులున్నాయి. వాటిని జెట్ స్ట్రీములంటారు. సుమారు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు పారే గాలులివి. విమానాలు ఎగిరే ఎత్తు కూడా సరిగ్గా అదే. చలికాలంలో వీటి జోరు ఎక్కువ. గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటిన సందర్భాలున్నాయి. చలికాలంలో ఇలాంటి గాలిపాయ ఒకటి హిమాలయాలకు దక్షిణంగా, ఉత్తర భారతం నెత్తిమీదుగా పారుతుంది. ఎండాకాలం ముగిసేవేళకు అది టిబెట్‌కు ఉత్తరంగా జరిగిపోతుంది. నైరుతి రుతుపవనాలు దేశంలోకి రావడానికీ దీనికీ దగ్గర సంబంధం ఉంది. మన పొలాల మీద కురిసే వానా, మన పిల్లల విమానం చేరే వేళా ఒకే గాలితో ముడిపడి ఉండటం చిన్న విషయంగా నాకు అనిపించదు.

ఈ గాలిని మొదట శ్రద్ధగా కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసాబురో ఓయిషి. 1920 దశకంలో టటెనో అనే చోట పరిశోధనశాల నుంచి బెలూన్లు ఎగరేసి, అవి ఏ ఎత్తున ఎంత వేగంగా కొట్టుకుపోతున్నాయో రాసిపెట్టాడు. పైన అంత ఉధృతమైన పడమటి గాలి ఉందని లోకానికి చెప్పాలనుకున్నాడు. ఏ ఒక్క దేశానికీ చెందని భాషలో రాస్తే అన్ని దేశాలవాళ్లూ చదువుతారన్న ఆశతో కాబోలు, 1926లో ఆ నివేదికను ఎస్పరాంటో అనే భాషలో ప్రచురించాడు. బయటి దేశాల్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1944 చివర్లో అమెరికా బి-29 బాంబర్లు జపాన్ మీద చాలా ఎత్తున ఎగిరినప్పుడు, ఎదురు వెళ్లిన విమానాలు ముందుకు కదలలేక, గాలివాలుకు వెళ్లినవి గురి నిలవక తికమకపడ్డాయి. అప్పుడుగాని పైనుండే గాలి సంగతి అందరికీ తలకెక్కలేదు. అందరికీ పనికొచ్చే విజ్ఞానాన్ని అందరికోసమూ రాసిన మనిషి మాట యుద్ధం వచ్చేదాకా వినపడకపోవడం తలుచుకుంటే బాధ కలుగుతుంది.

2020 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. అట్లాంటిక్ మీద తుపాను గాలులు వెనకనుంచి తోయడంతో నేలతో పోల్చిన వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వనివేగాన్ని దాటిందా అని చాలామంది అడిగారు. దాటలేదు. విమానం తన చుట్టూ ఉన్న గాలిలో మామూలు వేగంతోనే పోతోంది. ఆ గాలే పరిగెడుతోంది.

ఇక్కడ పిల్లలు ఒక మంచి ప్రశ్న వేస్తారు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, విమానం పైన ఊరికే నిలబడితే అమెరికా దానంతటదే కిందికి రాదా అని. రాదు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. హైదరాబాద్ రన్‌వే మీద నిలబడ్డ విమానం అప్పటికే భూమితోపాటు గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉంది. భూభ్రమణం చేసే మేలు వేరే ఉంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి ధ్రువాలవైపు సాగే గాలిని అది పక్కకు మళ్లిస్తుంది. పైన పడమటి గాలులు పుట్టేది అలా. భూమి తిరగడం మనకు గంటలు తగ్గించేది ఈ చుట్టుదారిలోనే.

ఇదంతా ప్రకృతి చేసే లెక్క. దీని మీద మనిషి రాసే లెక్క వేరే ఉంది. నా మనసు నొచ్చుకునేది అక్కడే.

ఒక దేశం పైనున్న ఆకాశం ఆ దేశానిదే. దాని మీదుగా వెళ్లాలంటే అనుమతి కావాలి, రుసుము కట్టాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా దేశాలు రష్యా విమానాలకు తమ ఆకాశం మూసేశాయి. రష్యా కూడా వాళ్లకు తన ఆకాశం మూసేసింది. లోకంలోకెల్లా పెద్ద దేశం దారిలోంచి తప్పుకుంటే ఏమవుతుంది? హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లే ఫిన్‌ఎయిర్ విమానం ఉత్తర ధ్రువం మీదుగా చుట్టి పదమూడు గంటలు ఎగరాల్సి వచ్చింది. రెండు ఊళ్లూ ఉన్నచోటే ఉన్నాయి. మూడున్నర గంటలు మాత్రం పెరిగాయి. అమెరికా సంస్థ యునైటెడ్ ఆ మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో–ఢిల్లీ విమానాన్ని ఆపేసింది. భారత విమానాలకు రష్యా అడ్డు చెప్పలేదు కాబట్టి ఎయిరిండియా మాత్రం ఆ దారినే నడిచింది. ఏ దేశపు విమానం ఎక్కుతున్నారని మొదట్లో నేనడిగిన ప్రశ్న ఇందుకే.

రష్యా మీదుగా పోవడమంటే ఎంత దూరపు చోట్ల మీదుగా పోవడమో 2023 జూన్‌లో తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానంలో ఒక ఇంజనుకు ఇబ్బంది తలెత్తి, రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అంతమందికి చాలినన్ని హోటళ్లు లేని చిన్న ఊరు. కొందరు బడిలో పరుపులు పరుచుకుని పడుకున్నారు. ముంబయి నుంచి మరో విమానం వెళ్లి వాళ్లను తీసుకెళ్లింది. పొడవైన దారుల్లో నడిచే విమానాలు ఎప్పుడూ ఏదో ఒక విమానాశ్రయానికి అందుబాటులోనే ఉండాలని నియమం ఉంది. ఎవరూ పేరు వినని ఆ ఊరు సిద్ధంగా ఉండబట్టే ఆ 232 మందీ క్షేమంగా దిగారు. మగడాన్ లాంటి ఊళ్లకు మనం రుణపడి ఉన్నాం.

మన పక్కింటి సంగతి కూడా చెప్పుకోవాలి. 2019 ఫిబ్రవరి చివర బాలాకోట్ దాడి తర్వాత పాకిస్తాన్ తన ఆకాశం మూసేసి, జులై మధ్యలో గానీ తెరవలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత భారత విమానాలకు మళ్లీ మూసేసింది. వారం తిరక్కుండానే మనమూ వాళ్ల విమానాలకు మూసేశాం. ఆ తర్వాత నెలనెలా పొడిగిస్తూ వచ్చారు. ఢిల్లీ నుంచి పడమరకు బయల్దేరే విమానం తలుపు తీయగానే ఎదురయ్యే వాకిలి పాకిస్తాన్ ఆకాశం. అది మూసుకుంటే విమానం ముందు దక్షిణంగా గుజరాత్ వైపు దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టాలి. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు నేరుగా వెళ్లాల్సిన కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో దిగాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఎయిరిండియా నిలిపేసింది. చేతిలో విమానాలు చాలకపోవడంతోపాటు ఈ ఆకాశం మూతను కూడా కారణంగా చెప్పింది.

గంటో రెండు గంటలో పెరిగితే అంత నష్టమా అంటే, నష్టమే. బోయింగ్ 777-200ఎల్ఆర్ అనే రకం విమానం ట్యాంకులు నింపితే సుమారు 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. బరువులో అది 145 టన్నుల దాకా ఉంటుంది. విమానం గాలిలోకి లేవగలిగే మొత్తం బరువులో నలభై శాతానికి పైగా ఇంధనమే. ఇంకో గంట ఎగరాలంటే ఇంకొంత ఇంధనం వేసుకోవాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంకొంత ఇంధనం కాలుతుంది. బరువు మించితే ప్రయాణికుల్నో సామానునో తగ్గించాలి. పైలట్లు ఇంతకు మించి పనిచేయకూడదన్న గడువులున్నాయి కాబట్టి మనుషుల్నీ పెంచాలి. ఆ ఖర్చంతా టికెట్టు ధరలోకి చేరుతుంది. ఆకాశం మూసే ప్రభుత్వాలకు వాటి కారణాలు వాటికుంటాయి. మనుషులు చచ్చిపోయిన దాడుల తర్వాత తీసుకున్న నిర్ణయాలను నేను తేలిగ్గా కొట్టిపారేయను. కానీ అందులో ఏ పాపమూ తెలియని ఒక అమ్మ, కాళ్లు వాచిపోయి, ఇంకో గంటో రెండు గంటలో ఆ సీటులోనే కూర్చుంటుంది. ఆమె పేరు ఏ లెక్కలోనూ రాయరు. అందుకే ఆ మాట ఇక్కడ చెప్పాలనిపించింది.

ఇప్పుడు టికెట్టు మీద రాసి ఉండే గంటల్లో ఏమేం కలిసి ఉంటాయో చూద్దాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ విమానానికి సుమారు రెండుంపావు గంటలు వేస్తారు. 1,260 కిలోమీటర్లకు గంటన్నర చాలదా? గాలిలో పోయేది అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. మిగతాది నేల మీద పోతుంది. శంషాబాద్‌లో విమానం గేటు నుంచి వెనక్కి కదిలిన క్షణం మొదలు, ఢిల్లీలో గేటు దగ్గర ఆగి చక్రాలకు అడ్డుకట్టలు వేసేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా నెమ్మదిగా నడవడం, వరసలో ఆగడం, ఢిల్లీ పైన దిగేందుకు వంతు కోసం చక్కర్లు కొట్టడం, దిగాక మళ్లీ గేటు దాకా నడవడం అన్నీ అందులోనివే. ఆలస్యమైనా వేళకు చేరినట్టు ఉండాలని సంస్థలు ఇంకొన్ని నిమిషాలు ముందే కలిపి వేస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు పడితే అవీ చాలవు. ఆ రోజుల్లో ఢిల్లీలో విమానం మారేవాళ్లు రెండు విమానాల మధ్య కాస్త ఎక్కువ వ్యవధి ఉండేలా టికెట్టు తీసుకోవడం మంచిది. వీలైతే రెండూ ఒకే టికెట్టు మీద ఉండాలి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, మరో విమానంలో పంపే బాధ్యత సంస్థది అవుతుంది.

నేల దారితో పోల్చి చూస్తే, ఒకప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్‌గా నడిచి ఇప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయిన రైలు అదే ఢిల్లీకి సుమారు 1,670 కిలోమీటర్లు పట్టాల మీద పరిగెత్తి, ఒక రోజు పైన తీసుకుంటుంది. అక్కడ విమానం గెలిచినట్టే. కానీ హైదరాబాద్ నుంచి విజయవాడకు? శంషాబాద్ నుంచి గన్నవరానికి ఆకాశంలో 265 కిలోమీటర్లు. రోడ్డు దారి కూడా దాదాపు అంతే. ఇంటి నుంచి విమానాశ్రయానికి వెళ్లడం, గంటన్నర ముందు చేరడం, దిగాక ఊళ్లోకి రావడం కలుపుకుంటే కారులో వెళ్లినవాడూ మీరూ ఒకేసారి ఇల్లు చేరతారు.

మొదట్లో చెప్పిన ముగ్గురి లెక్కా ఇప్పుడు తేల్చేద్దాం. పదహారు గంటలన్నవారు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పెద్ద విమానంలో కూర్చునే సమయం మాత్రమే చెప్పారు. గాలీ దారీ బట్టి అది అటూ ఇటూ అవుతుంది. ఇరవై మూడన్నవారు హైదరాబాద్–ఢిల్లీ విమానం, ఢిల్లీలో నిరీక్షణ కూడా కలిపారు. రెండు రోజులన్నవారిది బహుశా జగిత్యాలో నరసరావుపేటో అయి ఉంటుంది. రాత్రి భోంచేసి కారెక్కి, నాలుగైదు గంటలు ప్రయాణించి శంషాబాద్ చేరి, మూడు గంటలు ముందే వరసలో నిలబడి, అవతల ఇమిగ్రేషన్ దాటి, కొడుకు కారులో ఇల్లు చేరేదాకా లెక్కేసుకున్నారు. ప్రయాణం చేసే మనిషికి అసలైన లెక్క అదే. దానికి తగ్గట్టుగానే మందులు చేతిసంచిలో పెట్టుకోవాలి, గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయాలి, నీళ్లు తాగుతుండాలి.

మిగిలింది గడియారం. మన దేశపు సమయానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు చేరువగా పోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకంటే చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చిలో రెండో ఆదివారం వాళ్లు గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకుంటారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుకుంటారు. అందువల్ల ఒక వింత జరుగుతుంది. వేసవిలో ఢిల్లీలో తెల్లవారుజామున మూడు గంటలకు ఎక్కి పదిహేనున్నర గంటలు ఎగిరితే, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేసరికి అదే రోజు ఉదయం ఆరవుతుంది. టికెట్టు చూసినవాళ్లకు మూడు గంటల ప్రయాణంలా కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది. 2021 జనవరి 9, శనివారం రాత్రి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా తొలి నేరు విమానం బయల్దేరింది. కాక్‌పిట్‌లో ఉన్న పైలట్లంతా స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. రెండు ఊళ్ల మధ్య నేరుగా కొలిస్తే సుమారు 13,990 కిలోమీటర్లు. ధ్రువం మీదుగా వాళ్లు ఎగిరింది అంతకంటే ఎక్కువ దూరమే. అయినా పడమటి గాలుల జోరు తక్కువగా ఉండే దారి అది. పదిహేడు గంటలు ఎగిరి బెంగళూరులో దిగేసరికి సోమవారం ఇంకా తెల్లవారలేదు. ఆదివారమంతా ఆ ప్రయాణంలోనే కలిసిపోయింది.

మన ఇళ్లలో పొరపాటు జరిగేది కూడా ఇక్కడే. అమెరికా నుంచి వచ్చేవాళ్ల టికెట్టులో దిగే వేళ పక్కన చిన్నగా +1 అనో +2 అనో ఉంటుంది. బయల్దేరిన తేదీకి అన్ని రోజులు కలుపుకోవాలని దానర్థం. శంషాబాద్‌లో దిగే విదేశీ విమానాలు ఎన్నో అర్ధరాత్రి దాటాక వస్తాయి. పద్నాలుగో తేదీ తెల్లవారుజామున రెండింటికి దిగుతారంటే, మనం ఇంట్లో బయల్దేరాల్సింది పదమూడో తేదీ సాయంత్రం. కారు మాట్లాడేముందు ఆ తేదీ ఇంకోసారి చదివి, డ్రైవరుకు రోజు పేరుతో సహా చెప్పండి.